రోజుకో మోడల్ వచ్చే మార్కెట్లో చిన్న బిజినెస్ నిలబడేదెలా? హైదరాబాద్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

జగదీష్ మార్కెట్‌లో మొబైల్ యాక్సెసరీస్ అమ్మేవాళ్ళు, బాలానగర్, జీడిమెట్ల సైడ్ చిన్న యూనిట్లు నడిపేవాళ్ళు, జనరల్ బజార్‌లో బట్టల షాపుల వాళ్ళు, అందరూ అడిగేది చివరికి ఒకటే: కొన్న సరుకు అమ్ముడుపోయే లోపే పాతదైపోతోంది, బయటి దేశాల సరుకు మన ఖర్చు కంటే తక్కువకి దిగుతోంది, ఏం చెయ్యాలి అని. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, వస్తువుని కాపాడుకోవాలని చూడకండి, అది ఎలాగూ పోతుంది. కాపాడుకోవాల్సింది చేతిలో క్యాష్, పని తెలిసిన మనుషులు, మిమ్మల్ని నమ్మిన కస్టమరు.

ప్రొడక్ట్ లైఫ్ సైకిల్ అంటే ఏంటండి, సింపుల్‌గా?

ఒక వస్తువు మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి ఇక ఎవరూ అడగని రోజు దాకా ఉన్న కాలం. మొదట కొద్దిమందే కొంటారు, తర్వాత ఊపందుకుంటుంది, ఆ తర్వాత అందరి దగ్గరా దొరుకుతుంది కాబట్టి రేటు పడిపోతుంది, చివరికి ఆగిపోతుంది. అంబాసిడర్ కారు 1950ల చివర్లో మొదలై 2014 దాకా నడిచింది, అన్నేళ్ళు పెద్ద మార్పు లేకుండా. ఈ రోజు ఒక ఆండ్రాయిడ్ మోడల్ షోకేస్‌లో ఏడాది నిలబడితే గొప్ప.

ఇంత తొందరగా ఎందుకు పాతదైపోతోంది? పదిహేను ఇరవై ఏళ్ళ కింద ఇలా లేదు కదా

రెండు మూడు కారణాలు కలిసొచ్చాయి. 1991లో మన మార్కెట్ తెరిచారు, 1997లో ఐటీ వస్తువుల మీద సుంకాలు తీసేసే డబ్ల్యూటీవో ఒప్పందంలో ఇండియా చేరింది, 2001 ఏప్రిల్ 1 నుంచి దిగుమతుల మీద మిగిలిన చాలా పరిమితులు కూడా ఎత్తేశారు. అంటే మన షాపులో ఉన్న వస్తువుకి పోటీ పక్క షాపు కాదు, చైనాలోని షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీ. పైగా ఇప్పుడు విడిభాగాలన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి, చిప్ ఒకరి దగ్గర, బ్యాటరీ ఒకరి దగ్గర, బాడీ ఇంకొకరి దగ్గర కొని ఎవరైనా అసెంబుల్ చేసి అమ్మొచ్చు, ఒకడి డిజైన్ హిట్ అయితే కొన్ని వారాల్లోనే అలాంటివి పదిమంది దించుతారు. కస్టమరు కూడా మారిపోయాడు, షాపులో నిలబడే ఫోన్లో రేటు చూస్తున్నాడు, అందులో అతని తప్పేం లేదు, అతని డబ్బు అతనిది.

ఎల్ఈడీ బల్బు సంగతి చూస్తే ఈజీగా అర్థమవుతుంది. జనానికి తక్కువ రేటుకి ఎల్ఈడీ బల్బులిచ్చే ఉజాలా స్కీమ్ కోసం ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ బల్బులు కొన్నప్పుడు 2014లో ఒక్కోటి దాదాపు 310 రూపాయలు పడింది, 2016కి వచ్చేసరికి అది 38 రూపాయలకి దిగింది. జనానికి ఇది చాలా మంచిది, కరెంటు మిగిలింది. కానీ 2014 రేట్లు చూసి లోన్ తీసుకుని అసెంబ్లీ యూనిట్ పెట్టినవాడి లెక్క రెండేళ్ళలో ఏమై ఉంటుందో ఆలోచించండి. ఎల్ఈడీకి ముందు వచ్చిన సీఎఫ్ఎల్ బల్బు అయితే అసలు మధ్యలోనే పోయింది, జీఈ లాంటి కంపెనీయే 2016లో వాటిని ఆపేస్తున్నాం అని చెప్పేసింది.

అన్నా, చైనా మాల్ రేటుకి మనం ఎట్ల తట్టుకోవాలె?

అదే వస్తువు, అదే క్వాలిటీ, అదే పెద్ద లాట్ అయితే తట్టుకోలేం తమ్ముడూ, ఉన్నదున్నట్టు చెప్తున్నా. వాళ్ళు ఒక్క మోడల్‌ని లక్షల్లో తీస్తారు, ముడిసరుకు, ప్యాకింగ్, పోర్టు అన్నీ దగ్గర దగ్గరే ఉంటాయి. రేటు మీద కొట్లాటకి దిగితే ముందు మన మార్జిన్ పోతుంది, తర్వాత క్వాలిటీ తగ్గిస్తాం, తర్వాత కస్టమరు పోతాడు.

వాళ్ళు చెయ్యలేనిది ఏంటో వెతుక్కోవాలి. వాళ్ళ నుంచి సరుకు రావాలంటే ఆర్డరు, ప్రొడక్షన్, షిప్పు, కస్టమ్స్ క్లియరెన్సు కలిపి వారాలు నెలలు పడుతుంది, మీరు జీడిమెట్ల నుంచి సాయంత్రానికల్లా ఇవ్వగలరు. వాళ్ళు యాభై పీసుల ఆర్డరు ముట్టుకోరు, మీరు తీసుకోగలరు. పాడైతే వాళ్ళు వచ్చి చూడరు, మీరు బండేసుకుని వెళ్ళగలరు. హాస్పిటల్‌కో ఫార్మా ప్లాంట్‌కో ఒక పార్టు విరిగి లైన్ ఆగిపోతే ఆ గంటలో వాళ్ళకి రేటు కనిపించదు, ఎవరు తొందరగా చేసిస్తారనేదే కనిపిస్తుంది. బాలానగర్‌లో ఇలాంటి పనుల మీదే నిలబడ్డ లాత్ షాపులు, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల) యూనిట్లు చాలా ఉన్నాయి, వాటికి బ్రాండూ లేదు, యాడ్సూ లేవు, కానీ ఫోన్ ఆగదు.

స్టాక్ ఎంత పెట్టుకోవాలి? ఎక్కువ కొంటే రేటు తగ్గుతుంది కదా

అందరూ పడే గుంట ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. ఒక కొత్త ఫోన్‌కి కవర్లు తెప్పిస్తున్నారు అనుకోండి. 1000 పీసులు తీసుకుంటే ఒక్కోటి 40 రూపాయలు, 600 తీసుకుంటే 48. అందరం 40కే పోతాం. ఇప్పుడు లెక్క చూద్దాం. 1000కి పెట్టుబడి 40,000. ఒక్కోటి 90కి అమ్మారు, ఫోన్ పాతబడే లోపు 600 పోయాయి, 54,000 వచ్చింది. మిగిలిన 400 ఎవరికీ అక్కర్లేదు, పదేసి రూపాయలకి వదిలించుకుంటే ఇంకో 4,000. మొత్తం మిగిలింది 18,000. అదే 48 పెట్టి 600 తెచ్చుంటే పెట్టుబడి 28,800, అమ్మకం 54,000, మిగిలింది 25,200. పీసుకి 8 రూపాయలు ఎక్కువ పెట్టినవాడికే 7,200 ఎక్కువ మిగిలింది, పైగా 11,200 రూపాయలు ఇరుక్కోలేదు, దాంతో ఇంకో మోడల్ తెచ్చుకోవచ్చు.

1000కి 1000 అమ్ముడుపోతే 40 రేటే లాభం, కాదనను. కానీ ఉగాది వెళ్ళాక పాత పంచాంగం ఎవరూ కొననట్టే మోడల్ వెళ్ళాక కవర్ ఎవరూ కొనరు, అందుకని మొదటి లాట్ ఎప్పుడూ చిన్నగా తెచ్చి ఎలా కదులుతుందో చూసి రెండో లాట్ చెప్పండి. రెండో లాట్ తొందరగా పంపే సప్లయర్ ఉంటే అతనికి రెండు రూపాయలు ఎక్కువిచ్చినా పర్లేదు.

ఇంకోటి, అన్ని ఐటమ్స్‌నీ ఒకేలా చూడకండి. కవరు కొత్త ఫోన్ కొన్న మొదటి రోజుల్లోనే అమ్ముడవుతుంది, చార్జింగ్ కేబుల్ అలా కాదు, ఫోన్ ఉన్నన్నాళ్ళూ తెగుతూనే ఉంటుంది, మళ్ళీ కొంటూనే ఉంటారు. 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ 15 టైప్ సీ పోర్టుతో రాగానే పాత లైట్నింగ్ కేబుల్ పనైపోయింది అని కొంతమంది భయపడ్డారు, పాత ఐఫోన్లు చేతుల్లో ఉన్నంతకాలం అది అమ్ముడవుతూనే ఉంటుంది, కాకపోతే ఏటేటా తగ్గుతూ పోతుంది కాబట్టి ఆర్డరు కూడా అలాగే తగ్గిస్తూ రావాలి. కొత్త మోడల్‌ని బట్టి కొనేవి ఏవి, జనం దగ్గర ఉన్న పాత ఫోన్లని బట్టి కొనేవి ఏవి అని విడదీసుకుంటే సగం తలనొప్పి పోతుంది.

ఒక ఐటమ్ ఎప్పుడు ఆపెయ్యాలో ఎలా తెలుస్తుంది?

కొనేటప్పుడే రాసిపెట్టుకోండి, ఇన్ని వారాల్లో ఇన్ని పోకపోతే రేటు తగ్గిస్తా, ఆ తర్వాత ఇన్ని వారాలకి మొత్తం వదిలించుకుంటా అని. సరుకు ముందు పెట్టుకుని ఆలోచిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, దసరాకి పోతుందిలే, దీపావళికి పోతుందిలే, సంక్రాంతికి చూద్దాం అని. ముందే రాసుకుంటే ఆ ఆశ అడ్డురాదు. తొందరగా తగ్గించినవాడికి ఇరవై శాతమే పోతుంది, ఆలస్యంగా తగ్గించినవాడికి మొత్తం పోతుంది.

మోల్డులకి (వస్తువులు పోసే అచ్చులకి) లక్షలు పోశాను, ప్రొడక్ట్ ఆగిపోయింది. ముందుకి ఎలా?

మీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, చాలా బాధాకరమైన విషయం ఇది. మోల్డుకి 3 లక్షలు అయింది, 30,000 పీసులు తీస్తాం అనుకుంటే పీసుకి 10 రూపాయలు పడుతుంది, 10,000 దగ్గరే ఆగిపోతే అది 30 రూపాయలు, అంటే పీసుకి 20 రూపాయల లోపే లాభం వేసుకుని ఉంటే అమ్మిన ప్రతి పీసూ నష్టానికే అమ్మినట్టు. ఇకముందు చేసేటప్పుడు మోల్డ్ బేస్ కామన్‌గా పెట్టుకుని లోపలి ఇన్సర్ట్ మాత్రం మార్చుకునేలా డిజైన్ చేయించండి. తక్కువ పీసులు చాలనుకున్నప్పుడు స్టీల్ బదులు అల్యూమినియం మోల్డు చూడండి, అన్నేళ్ళు రాదు, మనకి అన్నేళ్ళు అవసరం కూడా లేదు. అసలు మోల్డు కంటే ముందు త్రీడీ ప్రింట్ తీసి నలుగురు కస్టమర్ల చేతిలో పెట్టి చూడండి, దానికి రాయదుర్గంలో టీ వర్క్స్ ఉంది, 2023లో మొదలైంది, ప్రోటోటైప్‌ల కోసమే పెట్టింది. డై, మోల్డు డిజైన్‌కి బాలానగర్‌లోనే సీఐటీడీ (టూల్ డిజైన్ నేర్పే ప్రభుత్వ సంస్థ) ఉంది, 1968 నుంచి నడుస్తోంది, పక్కనే ఉన్న యూనిట్లవాళ్ళు కూడా చాలామంది లోపలికి వెళ్ళి అడగరు, వెళ్ళండి.

పెద్ద కంపెనీలు ఎలా తట్టుకుంటున్నాయి?

పద్ధతులు రకరకాలు, మనకి పనికొచ్చేవి రెండు చెప్తా.

ఒకటి స్పీడు. స్పెయిన్ కంపెనీ జారా డిజైన్ గీసిన దగ్గర నుంచి షాపులో వేలాడదీసే దాకా రెండు మూడు వారాల్లో పూర్తిచెయ్యగలదు, ఎందుకంటే ఫ్యాషన్ బట్టల్లో చాలా భాగం స్పెయిన్, పోర్చుగల్, మొరాకో, తుర్కియే లాంటి దగ్గరి చోట్లే కుట్టిస్తుంది, ఆసియాలో కుట్టిస్తే కూలి తక్కువ అని తెలిసి కూడా. కొద్దికొద్దిగా కుట్టించి షాపులకి వారానికి రెండుసార్లు పంపుతుంది, ఏది పోతుందో చూసి అదే మళ్ళీ కుట్టిస్తుంది. మన జనరల్ బజార్ వ్యాపారి సూరత్ నుంచి సీజన్ మొత్తానికి ఒకేసారి బేళ్ళు దించుకోకుండా నాలుగు విడతల్లో తెచ్చుకోవడం కూడా ఇదే పద్ధతి.

రెండోది పైన మార్చి లోపల మార్చకపోవడం. మారుతి స్విఫ్ట్, డిజైర్ చూడండి, కస్టమరుకి రెండు కార్లు, ఫ్యాక్టరీకి లోపల చాలా పార్టులు ఒకటే. మిక్సీలు చేసినా, స్టెబిలైజర్లు చేసినా, ఫర్నిచర్ చేసినా ఇది చెయ్యొచ్చు, మోటరు, ట్రాన్స్‌ఫార్మరు, హింజులు కామన్‌గా ఉంచి బయటి రంగు, షేపు, ప్యానెల్ మారుస్తూ ఉండండి. అప్పుడు మోడల్ పోయినా లోపలి స్టాక్ పోదు.

ఫార్మావాళ్ళకి పేటెంట్ 20 ఏళ్ళు కదా, వాళ్ళకి ఈ గోల లేదు కదా?

ఉంది, ఇంకా ఎక్కువ ఉంది. 20 ఏళ్ళు అనేది పేటెంట్ అప్లై చేసిన రోజు నుంచి, ట్రయల్సులో అందులో చాలా ఏళ్ళు పోతాయి. మన హైదరాబాద్ కంపెనీల్లో ఎక్కువ జెనెరిక్స్ (వేరేవాళ్ళు కనిపెట్టిన మందుని పేటెంట్ అడ్డు తొలగాక తక్కువ రేటుకి ఇచ్చేవి) చేసేవి కాబట్టి వాళ్ళ ఆట వేరే. అమెరికాలో 1984 చట్టం ప్రకారం పేటెంట్‌ని మొదట చాలెంజ్ చేసి గెలిచిన జెనెరిక్ కంపెనీకి 180 రోజులు వేరే జెనెరిక్ పోటీ లేకుండా అమ్ముకునే అవకాశం ఇస్తారు. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్‌కి డిప్రెషన్ మందు ఫ్లూయాక్సిటిన్ 40 ఎంజీ క్యాప్సూల్ మీద అది దొరికింది, ఇండియన్ కంపెనీకి అలా రావడం అదే మొదటిసారి. ఆ ఆరు నెలలే పంట, తర్వాత అందరూ దిగుతారు, రేటు జారిపోతుంది. అంటే ఏళ్ళ తరబడి చేసిన పనికి బాగా మిగిలే కాలం 180 రోజులు!

మరి ఎలా బతుకుతున్నారంటే, ఒక్క మందు మీద ఎవరూ కూర్చోరు. ఒకటి అమ్ముతుండగానే తర్వాతివి ఫైలింగ్‌లో ఉంటాయి, ఇంకొన్ని ల్యాబ్‌లో ఉంటాయి. కొందరు ముడిమందు కూడా సొంతంగానే చేసుకుంటారు, రేటు పడినా కొంత తట్టుకోవచ్చని. దివీస్ లాంటివాళ్ళు పెద్ద కంపెనీలకే కస్టమ్ సింథసిస్ (వాళ్ళు అడిగిన రసాయనాన్ని తయారుచేసి ఇవ్వడం) చేసిపెట్టడం మీద పేరు తెచ్చుకున్నారు, కొనేవాడితో పోటీ పడకుండా. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బీ వ్యాక్సిన్ ఇక్కడే తయారుచేసి తక్కువ రేటుకి తెచ్చింది, అప్పటిదాకా దిగుమతి వ్యాక్సిన్ రేటు మామూలు జనానికి అందేది కాదు. ఈ ఫార్మా కంపెనీలకీ బలహీనత ఉంది, ముడిసరుకులో చాలావాటికి చైనా మీద ఆధారపడాలి, 2020లో కేంద్రం ముడిమందులకి, అంటే బల్క్ డ్రగ్స్‌కి పీఎల్ఐ (ఇక్కడే తయారుచేస్తే ప్రోత్సాహకం ఇచ్చే) స్కీమ్ పెట్టింది అందుకే.

ఆల్విన్, ఐడీపీఎల్ అంత పెద్దవే పోయాయి, మనమెంత?

ఈ మాట పెద్దవాళ్ళ దగ్గర ఎక్కువ వింటాను. 1942లో మొదలైన ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు, వాచీలు చేసింది, ఒకప్పుడు ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్ ఉండటమే గొప్ప. 1990ల్లో పోటీకి నిలవలేకపోయింది, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి వెళ్ళిపోయింది, ఇప్పుడు పేరు కాలనీలకి మిగిలింది. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ కూడా నష్టాల్లో పడి ఆగిపోయింది.

కానీ ఐడీపీఎల్‌తో పాటు పోనిది ఒకటుంది. అక్కడ మందు ఎలా తయారుచెయ్యాలో నేర్చుకున్నవాళ్ళు బయటికి వచ్చి కంపెనీలు పెట్టారు, కల్లం అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళే, 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుని కాకుండా తయారీ పద్ధతిని మాత్రమే పేటెంట్ చేసుకోనిచ్చింది, అందుకే పద్ధతి తెలిసిన కెమిస్టులకి విలువ పెరిగింది, 2005లో ఆ చట్టం మారే నాటికి మన దగ్గర ఒక ఇండస్ట్రీయే తయారై ఉంది. అందుకే నేను పదేపదే చెప్పేది, మీ యూనిట్లో ఈ ప్రొడక్ట్ ఆగితే మీ మనుషులకి ఇంకేం వచ్చు అని చూసుకోండి.

వర్కర్లని ఏం చెయ్యాలి? కొత్త మెషీన్ వస్తే పాతవాళ్ళకి రాదు

తీసెయ్యకండి, నేర్పించండి. పాత లాత్ మీద ఇరవై ఏళ్ళు చేసిన మనిషికి మెటల్ ఎలా కోస్తుందో, ఎక్కడ వేడెక్కుతుందో చేతికి తెలుసు, అతనికి సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ నేర్పించడం, కొత్త కుర్రాడికి మెటల్ గురించి నేర్పించడం కంటే తేలిక. సీఐటీడీలోనూ, యూసుఫ్‌గూడలో ఉన్న చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ నిమ్స్‌మేలోనూ ట్రైనింగులు నడుస్తుంటాయి. మెషీన్ మారిన ప్రతిసారీ మనుషుల్ని మార్చే యూనిట్లో రెండో ఏడాదికి పని తెలిసినవాడు ఒక్కడూ ఉండడు, అది కళ్ళారా చూస్తే చాలా కష్టంగా ఉంటుంది.

నా డిజైన్ కాపీ కొట్టేస్తున్నారు, ఆపొచ్చా?

కొంతవరకు. షేపు, ప్యాటర్న్ అయితే డిజైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు, 10 ఏళ్ళు, ఇంకో 5 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. కానీ అప్లై చేసే ముందు అది బయటికి వచ్చి ఉండకూడదు, మనవాళ్ళు ముందు ఇన్‌స్టాలో ఫొటో పెట్టి, హిట్ అయ్యాక రిజిస్ట్రేషన్ అంటారు, అప్పటికి లేటైపోయినట్టే. ఒక్క సీజన్లో పోయే ఐటమ్‌కి ఈ ఖర్చు వద్దు, దాని బదులు మీ పేరుకి ట్రేడ్‌మార్క్ తీసుకోండి, డిజైన్లు మారినా పేరు ఉంటుంది.

పోచంపల్లి చీరలు, లాడ్ బజార్ గాజులు లాంటి చేతిపనికి కూడా ఇది వర్తిస్తుందా?

వేరేలా వర్తిస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కీ, 2024లో మన లక్క గాజులకీ జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి సరుకు అనే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది, అయినా ఇక్కత్ డిజైన్‌ని ప్రింట్ కొట్టి చాలా తక్కువకి అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. ఇక్కడ స్పీడుతో గెలవలేం, నూలుకి ముడులు కట్టి రంగు అద్ది నేసేదానికి టైమ్ పడుతుంది, పట్టాలి కూడా. చెయ్యాల్సింది కొనేవాళ్ళకి తేడా చూపించడం. ఇక్కత్‌లో చీర తిప్పి చూస్తే రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది, మామూలు ప్రింట్‌లో వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది, షాపులో ఇది ప్రతి ఒక్కరికీ చూపిస్తే చాలామంది అసలుదే అడుగుతారు. నేసినవాళ్ళకి కూలి దక్కేది అప్పుడే.

సరుకు పోయింది గానీ డబ్బులు రావట్లేదు, అప్పటికి తర్వాతి మోడల్ వచ్చేస్తోంది

షార్ట్ లైఫ్ వస్తువుల్లో ఉద్దెర ఇంకా ప్రమాదం, మీ డబ్బు తిరిగొచ్చేలోపు వస్తువే ఉండదు. మీరు తయారీ గానీ సర్వీస్ గానీ చేస్తూ చిన్న వ్యాపారాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అయిన ఉద్యమ్‌లో మైక్రో లేదా స్మాల్‌గా రిజిస్టర్ అయ్యుంటే కొన్నవాడు అగ్రిమెంట్ ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఇంకోటి కూడా వచ్చింది, గడువు దాటితే కట్టేదాకా ఆ ఖర్చుని ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోలేడు. ట్రేడర్లకి మాత్రం ఇవి వర్తించవు, అది గుర్తుపెట్టుకోండి. ట్రేడర్లు అడ్వాన్స్ అడగడం, లేదంటే లాట్ చిన్నగా ఇచ్చి పాత బాకీ వచ్చాకే కొత్తది ఇవ్వడం తప్ప వేరే దారి లేదు.

డెడ్ స్టాక్ పారేస్తే జీఎస్టీ సంగతి?

పారేసినా, రాసేసినా దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి తీసుకున్న తగ్గింపు) వెనక్కి కట్టాలి. తక్కువ రేటుకి అమ్మితే అమ్మిన రేటు మీదే జీఎస్టీ. అందుకే ఎంతకైనా సరే అమ్మెయ్యడమే మేలు, మీ సీఏని ఒకసారి అడిగి చెయ్యండి.

రిపేరు షాపు పెట్టుకోవడం బెటరా అయితే?

చాలామందికి బెటరే. కొత్త మోడల్ ఎంత తొందరగా వస్తే జనం దగ్గర అన్ని పాత మోడల్స్ పోగవుతాయి, అవి బాగుచేసేవాళ్ళు కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో స్పేర్లు దొరుకుతాయి, పని నేర్చుకుంటే స్టాక్ పెట్టుబడి కూడా తక్కువే.

వీటన్నిటికీ సాఫ్ట్‌వేర్ కొనాలా?

మొదట్లో అక్కర్లేదు. ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఐటమ్‌కి కొన్న తేదీ, ఎన్ని కొన్నారు, నెలాఖరుకి ఎన్ని మిగిలాయి, ఆపేసే తేదీ ఈ నాలుగూ రాయండి, ప్రతి ఆదివారం ఒక గంట కూర్చుని చూడండి. ఐటమ్స్ రెండు మూడొందలు దాటి చేత్తో రాయడం కష్టమైనప్పుడు ఎక్సెల్‌లోకో ట్యాలీలోకో వెళ్ళండి.